పుష్పక్ దిగిన దారి

దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి ఎనిమిది కిలోమీటర్లు. నడిచేవాళ్లు ఆ దారిని గంటల్లో చెబుతారు. మా చిన్నాయన గేర్లలో చెప్పేవాడు. "మొదటి మలుపు దాకా మూడో గేరు లాగుతాది. వెదురు పొదలు దాటినాక రెండు. ఆడి నుంచి బండి అరుపు వింటా పోవాల" అనేవాడు. ఎగువన ఆయనకు చిన్న టెంకాయల అంగడి ఉండేది. ఆళ్లగడ్డ సంతలో టెంకాయలు, కర్పూరం, ఊదుబత్తీలు కొని, పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం స్కూటర్ మీద దిగువకు తెచ్చి, మళ్లీ అడవి దారిలో పైకి చేరవేసేవాడు. ఆ స్కూటర్ పేరు పుష్పక్. హైదరాబాదు ఆల్విన్ వాళ్లది.

ఈ తరానికి ఆ పేరు తెలియదు. ఆల్విన్ అంటే బీరువా అనో, ఫ్రిజ్ అనో, పెళ్లికి పెట్టిన గడియారం అనో పెద్దవాళ్లు చెబుతారు. నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి అండతో 1942లో పుట్టిన కంపెనీ అది. సనత్‌నగర్‌లో కట్టిన బస్సు బాడీలు మన రోడ్ల మీద ఎన్ని లక్షల మందిని మోశాయో! ఆ చేతులే 1970ల చివర్లో స్కూటర్ కూడా పట్టుకున్నాయి. అయితే ఇంజన్ పుట్టిల్లు మాత్రం హైదరాబాదు కాదు. ఇటలీలో మిలాన్ నగరపు లాంబ్రాతే పేట. అక్కడ ఇన్నొచెంతీ కంపెనీ 1947 నుంచి లాంబ్రెట్టా స్కూటర్లు చేసి, 1971లో ఆపేసింది. ఆ యంత్రాలను, అచ్చులను మన భారత ప్రభుత్వం కొని లక్నోకు తెచ్చింది. 1972లో స్కూటర్స్ ఇండియా ఏర్పడింది. 1975 నుంచి విజయ్ సూపర్ పేరుతో అదే లాంబ్రెట్టా మన రోడ్డెక్కింది. దాని తోబుట్టువే మన పుష్పక్.

చేతక్ కొనాలంటే బుక్ చేసి ఏళ్ల తరబడి కూర్చోవాల్సిన రోజులవి. పెళ్లికి బుక్ చేస్తే బిడ్డ బడికి పోయే వేళకు బండి వచ్చేది. మా చిన్నాయన అంతకాలం ఆగలేక 1981లో మీగడ రంగు పుష్పక్ తెచ్చుకున్నాడు. ఆగలేకపోవడం వల్లే కొన్నా, అది బరువు పనికి తగిన బండి అని తర్వాత తెలిసింది. చేతక్‌కు ఇంజన్ కుడిపక్క వేలాడుతుంది. లాంబ్రెట్టా జాతికి ఇంజన్ బండి నడుమన ఉంటుంది, సిలిండర్ నేలకు సమాంతరంగా పడుకొని ఉంటుంది. లోపల గుండ్రని ఇనుప గొట్టమే వెన్నెముక, పైన రేకులు తొడుగు మాత్రమే. కాళ్ల దగ్గర ఒక బస్తా, వెనక ఒక బస్తా కట్టినా ఒక పక్కకు ఒరగదు. పుష్పక విమానంలో ఎందరెక్కినా ఇంకొకరికి చోటుంటుందని మా జేజి కథ చెప్పేది. చిన్నాయన ఆ మాట బండికి అన్వయించి, ఇంకో బస్తా కట్టేవాడు.

అదీ మోసింది. ఆరేళ్లు మోసింది.

ఆ ఇంజన్ లెక్క నాకు ఇప్పటికీ నోటికొస్తుంది, చిన్నాయన అంగట్లో కూర్చొని పలకమీద వేసి చూపించాడు గనక. సిలిండర్ బోరు 57 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 58. లెక్కగడితే 148 సీసీ. అదే నడక దూరం ఉంచి బోరు 62 చేస్తే 175 సీసీ. 66 చేస్తే 198. ఇటలీ వాళ్లు 150, 175, 200 బండ్లను అట్లాగే చేశారు. క్రాంకు కదలిక ఒకటే, గుండె వెడల్పు వేరు. "చూడు, అయిదు మిల్లీమీటర్లు. నీ చిటికెన గోరంత. దానికి ఇరవై ఏడు సీసీ వస్తాది" అని చెప్పి, ఆ అంకె చుట్టూ సుద్దతో గుండ్రం గీశాడు. ఆ గుండ్రం గీసిన రోజే ఈ కథకు మొదలు.

1987 ఫాల్గుణం వస్తోంది. అహోబిలంలో బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలో. ఏడాది మొత్తం అమ్మే సరుకులో పెద్ద వంతు ఆ రోజుల్లోనే అమ్ముడుపోతుంది. ముందు ఏడాది ఉత్సవంలో రోజుకు రెండు ట్రిప్పులే వేయగలిగాడు, మధ్యాహ్నానికే అంగట్లో టెంకాయలు అయిపోయాయి. జనం పక్క అంగడికి పోవడం ఆయన నిలబడి చూశాడు. బోరు కూడా అరిగి ఉంది, ఎట్లాగూ కొట్టించాలి. మామూలుగా అయితే 57.2 సైజు పిస్టన్ వేస్తే సరిపోయేది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నా గుండెలో మెలిపెట్టేది ఇదే. పోత ఇనుము సిలిండర్‌కు ఒక్క ఆయుష్షు కాదు, నాలుగైదు ఆయుష్షులు ఉంటాయి. అరిగినప్పుడల్లా లోపలి గోడను కొద్దిగా, ఒక వెంట్రుక మందం లెక్కలో కోసి, కొంచెం పెద్ద పిస్టన్ వేస్తారు. 57.2, ఆ తర్వాత 57.4, ఆ తర్వాత 57.6. ఒక్కో కోతకు ఇంకో పాతిక వేల కిలోమీటర్లు బతుకుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. చేసినవాళ్లు ఆ గోడను మందంగా పోసింది ఆ ఆయుష్షుల కోసమే. ఒకేసారి 62కు కోయడమంటే, ముందు ముందు వాడుకోవాల్సిన ఆ బతుకులన్నిటినీ ఒక్క ఉత్సవం కోసం తీసి ఖర్చుపెట్టడం. ఇనుము కోస్తే మళ్లీ అతకదు.

మెకానిక్‌కు ఇది తెలుసు. ఆళ్లగడ్డ బస్టాండు వెనక రేకుల కొట్టులో పని చేసేవాడు. నూనె నల్లబడిన నిక్కరు, చెవి మీద బీడీ, స్పార్క్ ప్లగ్గు తీసి దాని మూతి రంగు చూసి బండి ఆరోగ్యం చెప్పేవాడు. ఇటుక రంగు అయితే బాగుంది, తెల్లగా ఉంటే వేడి, నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ. ఆయన చిన్నాయనతో అన్న మాటలు నేను పక్కన నిలబడి విన్నాను.

"అన్నా, కోస్తే కోస్తా. 175 పిస్టన్ హైదరాబాదు నుంచి తెప్పిస్తా. కానీ ఫ్యాను అదే, రెక్కలు అవే. పొయ్యి పెద్దదైతాది, గాలి మాత్రం ఆ పొయ్యికి పాతదే. నువ్వు తట్టుకుంటావా?"

"తట్టుకునేది నేను కాదు గదా బాయ్, బండి."

"బండి నీ చెయ్యి చూసి తట్టుకుంటాది."

లాంబ్రెట్టా ఇంజన్ రేకుల లోపల దాగి ఉంటుంది. రోడ్డు మీద గాలి దానికి నేరుగా తగలదు. మ్యాగ్నెట్ చక్రానికే ఉన్న రెక్కలు గాలిని తోలి, సిలిండర్ రెక్కల మీదికి పంపుతాయి. ఆ గాలి ఎంతో, ఎంత వేడిని మోసుకుపోగలదో, 148 సీసీకి లెక్కగట్టి చేసిన అమరిక అది. ఇటలీలో 175లు, 200లు చేసినప్పుడు సిలిండర్‌ను కూడా దానికి తగినట్టు వేరే పోశారు. మన బండిలో పాత సిలిండర్‌నే లోపల తొలిచారు. గోడ రెండు పక్కలా రెండున్నర మిల్లీమీటర్లు పలచనైంది. వేడి ఎక్కువ, దాన్ని పంచుకునే ఇనుము తక్కువ. దీనికి తోడు మన నంద్యాల, ఆళ్లగడ్డ గాలి. ఫాల్గుణంలోనే నల్లరాతి నేల సెగలు కక్కుతుంది, ఆ ఫ్యాను తోలేది ఆ సెగనే.

ఇంగ్లండులో ఇదే ఇంజన్ మీద ఇంతకన్నా పెద్ద సాహసాలు జరిగాయి. 1980లలో టెర్రీ షెపర్డ్ చేసిన టీఎస్1 కిట్టు 70 మిల్లీమీటర్ల బోరుతో 225 సీసీ దాకా తీసుకుపోయింది. కానీ వాళ్లు పాత ఇనుమును తొలవలేదు. అల్యూమినియం సిలిండర్ కొత్తగా పోశారు, కార్బురేటర్ మార్చారు, సైలెన్సర్ మార్చారు. అంత చేసినా అక్కడి కుర్రాళ్లు క్లచ్ లివర్ మీద రెండు వేళ్లు వేసే నడిపేవాళ్లట. ఇంజన్ పట్టేసిన క్షణంలో క్లచ్ నొక్కితే వెనక చక్రం విడిపోతుంది, మనిషి బతుకుతాడు. ఈ అలవాటు గురించి నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. చదివినప్పుడు చిన్నాయన గుర్తొచ్చి పుస్తకం మూసేశాను.

సిలిండర్‌ను తువ్వాల్లో చుట్టి, ఒళ్లో పెట్టుకొని చిన్నాయన నంద్యాల బస్సెక్కాడు. లేత్ మీద బోరు కొట్టించి సాయంత్రానికి తెచ్చాడు. మెకానిక్ దాన్ని చూపుడు వేలితో లోపల నిమిరాడు, అద్దంలా ఉంది. పిస్టన్ నెత్తిన బాణం గుర్తు సైలెన్సర్ వైపు పెట్టి, రింగులను బొటనవేళ్లతో నొక్కి, సిలిండర్‌ను మెల్లగా దించాడు. పెట్రోలులో నూనె అయిదు లీటర్లకు రెండు వందల మిల్లీలీటర్లు కలిపాడు. పెట్రోలు వదిలే మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేశాడు. మొదటి కిక్కుకే అందుకుంది. ఆ చప్పుడు వేరు. పాతది గొంతు, కొత్తది ఛాతీ.

"వెయ్యి కిలోమీటర్లు నెమ్మదిగా తోలన్నా. బరువు కట్టొద్దు. ఇంకొకటి, దిగేటప్పుడు ఊరికే చెయ్యి వదిలెయ్యొద్దు, అప్పుడప్పుడు కొంచెం రేజ్ ఇయ్యి."

వెయ్యి కిలోమీటర్లకు ఉత్సవం ఆగదు కదా. నాలుగు వందలు తిరగక ముందే చిన్నాయన బస్తాలు కట్టాడు. బండి ఎక్కిన తీరు చూడాల్సిందే. వెదురు పొదల దగ్గర గేరు మార్చాల్సిన పని లేకుండా మూడులోనే పోయింది. నన్ను వెనక కూర్చోబెట్టుకొని, నా వెనక బస్తా కట్టి, చిన్నాయన పాట పాడాడు. పాట పాడే మనిషి కాదాయన. ఆ ఏడాది ఉత్సవంలో రోజుకు నాలుగు ట్రిప్పులు వేశాడు. గరుడ సేవ రోజు అర్ధరాత్రి కూడా అంగట్లో టెంకాయలు ఉన్నాయి. ఎగువ గుళ్లో ఉగ్ర నరసింహుడికి కొట్టిన టెంకాయల్లో సగం మన పుష్పక్ తెచ్చినవే అని మా చిన్నమ్మ ఇప్పటికీ చెబుతుంది, సగం కాకపోయినా ఆమె మాట నేను కాదనను.

ఆ వైభవం మూడు నెలలు.

బలం వచ్చిన చోట ఆశ పెరిగింది. ఇంతవరకు బండి పైకి నిండుగా పోయి కిందికి ఖాళీగా వచ్చేది. ఇప్పుడు ఖాళీగా రావడం దండగనిపించింది. ఎగువన పోగయ్యే కొబ్బరి చిప్పలు కొని, బస్తాల్లో కుక్కి కిందికి దించి, ఆళ్లగడ్డలో నూనెకు అమ్మడం మొదలుపెట్టాడు. మంచి బేరం. కానీ ఆ పూట నుంచి బండి దిగేటప్పుడు కూడా బరువే. ఖాళీగా వచ్చే రోజుల్లో న్యూట్రల్‌లో వేసి బ్రేకులతో నెమ్మదిగా దింపేవాడు. నిండు బస్తాలతో ఆ చిన్న డ్రమ్ము బ్రేకులు ఆగడం లేదు, లైనర్లు కాలిన వాసన వచ్చేది. అందుకని రెండో గేరులో వేసి, యాక్సిలరేటర్ మూసేసి, ఇంజన్ పట్టుతోనే బండిని ఆపుకుంటూ దిగడం నేర్చుకున్నాడు. లారీ వాళ్లు ఘాట్ దిగే పద్ధతే అది. లారీకి చెల్లుతుంది, దాని ఇంజన్‌లో నూనె వేరే ఉంటుంది గనక. రెండు స్ట్రోకుల స్కూటర్‌కు నూనె వచ్చేదే పెట్రోలుతో కలిసి. యాక్సిలరేటర్ మూస్తే పెట్రోలు రాదు, పెట్రోలు రాకపోతే నూనె రాదు. చక్రం మాత్రం ఇంజన్‌ను తిప్పుతూనే ఉంటుంది. లోపల పిస్టన్ ఎండిపోయిన గోడ మీద వేగంగా ఆడుతుంది.

ఇంకొక పని కూడా చేశాడు. పెద్ద జెట్ వేసినాక లీటరుకు ముప్పై అయిదు ఇచ్చే బండి ఇరవై ఎనిమిదికి పడింది. మెకానిక్‌కు చెప్పకుండా, వేరే ఊళ్లో పాత జెట్ మళ్లీ వేయించుకున్నాడు. మైలేజీ తిరిగి వచ్చింది. పెట్రోలు తగ్గితే మంట వేడెక్కుతుందన్న సంగతి ప్లగ్గు చెబుతూనే ఉంది, తెల్లగా మారి. ఆ ప్లగ్గును తీసి చూసేవాళ్లు లేరు.

ఎక్కేటప్పుడు ఏమవుతుందోనని అందరం భయపడ్డాం. ఎక్కుడు బరువుకు, ఎక్కుడు వేడికి మెకానిక్ చేయాల్సిన కట్టుదిట్టాలన్నీ చేశాడు. హిరణ్యకశిపుడు కూడా పగలు రాత్రి, ఇంటా బయటా అని అన్నిటికీ వరం అడిగి, గడపను మరిచాడు. మనం మరిచింది దిగుడును.

జ్యేష్ఠ మాసం, సాయంత్రం. వాన పడలేదు ఇంకా. రెండు బస్తాల చిప్పలు, చిన్నాయన, నేను. అడవిలో కీచురాళ్లు తప్ప చప్పుడు లేదు. ఇంజన్ గొంతు ఒక్కసారి సన్నబడింది, ఎవరో నోరు మూసినట్టు. చిన్నాయన వీపు బిగుసుకోవడం నాకు తెలిసింది. ఆ తర్వాత కుయ్యిమని ఒక కేక. వెనక చక్రం ఉన్నపళంగా ఆగిపోయి, టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. ఆయన ఎడమ చెయ్యి క్లచ్ మీదికి పోయేలోపే ఇద్దరం కింద ఉన్నాం.

నాకు మోచేయి గీసుకుపోయింది. ఆయన మోకాలి చిప్ప మీద పడ్డాడు. బస్తా మూతి విడిపోయి కొబ్బరి చిప్పలు దారంతా దొర్లాయి, కొన్ని వాలులో చాలాదూరం పోయి ఆగాయి. కోతులు ఎప్పుడు దిగాయో దిగాయి. చిన్నాయన వాటిని అదిలించలేదు. కుంటుకుంటూ బండి దగ్గరికి పోయి, పక్క రేకు ఊడదీసి, సిలిండర్ మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. కాలిన నూనె వాసన. తలపాగా తీసి విసిరాడు, జ్వరం వచ్చిన బిడ్డకు విసిరినట్టు. అరగంట అట్లాగే విసురుతూ కూర్చున్నాడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

చల్లారినాక కిక్కు కదిలింది. స్టార్ట్ అయింది కూడా. అల్యూమినియం పిస్టన్ వేడికి ఇనుము కన్నా ఎక్కువ ఉబ్బుతుంది. ఉబ్బి గోడకు పట్టేస్తుంది, చల్లారితే వదులుతుంది. వదిలింది గనక బాగయిందనుకున్నాం. ఇంకో నాలుగు నెలలు నడిచింది, ఆ నాలుగు నెలలూ చూడలేని నడక. వెదురు పొదల దగ్గరికి వచ్చేసరికి మూడు కాదు, రెండు కాదు, మొదటి గేరు. నీలం పొగ. ఎక్కలేని చోట నేను దిగి వెనక నుంచి తోసేవాణ్ణి. 148 ఉన్నప్పుడు ఒక్కనాడూ నేను దిగాల్సిన అవసరం రాలేదు.

మెకానిక్ విప్పి చూసి చాలాసేపు ఏమీ అనలేదు. పిస్టన్‌ను నా అరచేతిలో పెట్టాడు. ఒక పక్క అంతా నిలువు గీతలు, గోళ్లతో రక్కినట్టు. కరిగిన అల్యూమినియం పై రింగు గాడి మీదికి పూసుకుపోయి రింగును లోపలే అతికించేసింది. సిలిండర్ గోడ మీద దానికి ఎదురుగా అవే గీతలు, వేలు పెడితే తగిలేటంత లోతు.

"ఇంకొక కోత కోస్తే?" అన్నాడు చిన్నాయన.

"కోయడానికి ఇంక ఇనుము లేదన్నా."

కొత్త సిలిండర్ కోసం వెతికాడు. ఆళ్లగడ్డలో లేదు, నంద్యాలలో లేదు, కర్నూలులో లేదు. హైదరాబాదు పోయి రెండు రోజులు తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు. పుష్పక్‌కు సామాను చూపించే అంగడి అప్పటికే కనపడలేదు. విజయ్ సూపర్ సిలిండర్ ఒకటి ఉందని ఒకాయన చెప్పిన ధరకు, పిస్టన్ కిట్టుతో కలిపితే, చిన్నాయన దగ్గర ఉన్న డబ్బు సగానికి కూడా రాలేదు. ఉత్సవంలో సంపాదించింది మోకాలి వైద్యానికి, సరుకు బాకీలకు పోయింది. ఆ వచ్చే ఫాల్గుణానికి ఎగువకు టెంకాయలు జీపులో ఎక్కాయి, వేరేవాళ్ల జీపులో. చిన్నాయన దిగువ సన్నిధి వీధిలో ఇంకొకరి అంగట్లో లెక్కలు రాయడానికి కూర్చున్నాడు.

ఆల్విన్ కూడా అదే దశాబ్దంలో దిగుడు పట్టింది. ఫ్రిజ్‌లు, సీకో సాయంతో గడియారాలు, జహీరాబాద్‌లో నిస్సాన్‌తో కలిసి లారీలు, ఒకే ఒంటి మీద అన్నీ. లారీల కర్మాగారం మహీంద్రా చేతికి పోయింది. 1990లలో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌లో కలిసింది. కూకట్‌పల్లి పక్కన కాలనీ పేరులో ఆ కంపెనీ మిగిలింది. లక్నోలో 1997లో స్కూటర్ల తయారీ ఆగింది. ఆ కంపెనీ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం 2021 జనవరిలో ఒప్పుకుంది. మిలాన్‌లో పుట్టిన ఆ యంత్రాల ప్రయాణం అక్కడితో సరి. ఆ వార్త వచ్చిన నాడు చెప్పుకోవడానికి చిన్నాయన లేడు.

బండి వేపచెట్టు కింద పన్నెండేళ్లు ఉంది. సీటు స్పంజిలో కోడి గుడ్లు పెట్టింది. పాత సామాన్లు కొనే అతను వచ్చి కిలోల లెక్కన తూచి తీసుకుపోయిన రోజు చిన్నాయన ఇంట్లోంచి బయటికి రాలేదు. పిస్టన్ మాత్రం నా దగ్గర ఉంది. ఇన్నేళ్లయినా ఆ పై రింగు కదలదు.

ఆయన్ను చివరిసారి ఎగువకు తీసుకుపోయింది ఆర్టీసీ బస్సులో. దర్శనం చేసుకున్నాడు, భవనాశిని నీళ్లు నెత్తిన చల్లుకున్నాడు, ఒకప్పటి తన అంగడి ముందు నిలబడి ఒక టెంకాయ కొన్నాడు, ధర అడగకుండా. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టాను. కళ్లు మూసుకొని ఉన్నాడు, నిద్రపోయాడనుకున్నాను. వెదురు పొదల మలుపు దగ్గర డ్రైవరు గేరు తగ్గించాడు, బస్సు బరువంతా ఇంజన్ మీద పడి మూలిగింది. ముందు సీటు కడ్డీ మీద ఉన్న ఆయన ఎడమ చేతి రెండు వేళ్లు మెల్లగా ముడుచుకొని, గట్టిగా బిగుసుకున్నాయి. దారి చదునయ్యేదాకా వదల్లేదు.